మా ఇంట్లో ఎవరికీ లేదు

"అమ్మాయ్, స్నానం చేసేటప్పుడు ఎప్పుడైనా రొమ్ములు తడిమి చూసుకున్నావా?"

పెద్దావిడ అంత మామూలుగా అడిగేసరికి, కౌంటరు వెనక ఉన్నామె చేతిలోని స్క్రూడ్రైవరు జారి గాజుబల్ల మీద పడింది.

అది కళ్లజోళ్ల కొట్టు. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే పని చేస్తోందని అందరూ ఆమెను అద్దాలమ్మ అంటారు.

పెద్దావిడ ఆ కొట్టుకు రావడం అది మూడోసారి. మొదటిసారి కంటి పరీక్ష చేయించుకుంది. రెండోసారి గంటసేపు ఫ్రేములు పెట్టుకుని చూసి, ఒక్కటీ కొనకుండా వెళ్లింది. చూసినంతసేపూ ఫ్రేముల కన్నా అద్దాలమ్మ ముఖాన్నే ఎక్కువ చూసింది.

"ఏమడుగుతున్నారండీ మీరు?"

"నీకు ముప్పై ఎనిమిది ఉంటాయి కదూ?"

"నా వయసుతో మీకేం పని?"

"నాకు వచ్చింది తల్లీ, క్యాన్సరు. మా అమ్మకూ వచ్చింది. నలభై నిండకుండానే పోయింది."

"పాపం. కానీ అది మీ ఇంటి సంగతి. మా ఇంట్లో ఎవరికీ లేదు."

పెద్దావిడ ముఖం వాడిపోయింది. అయినా వదల్లేదు. మూడు వేళ్లు దగ్గరగా చేర్చి, తన అరచేతి మీద గుండ్రంగా తిప్పి చూపించింది.

"కొనలతో పొడవకూడదు. ఇలా, వేళ్ల మెత్తటి వైపుతో. మెడ కింది ఎముక దగ్గర్నుంచి చంక లోపలి దాకా. నొప్పి లేదు కదా అని మాత్రం వదిలేయకు. నేనలాగే వదిలేశాను."

పక్కన ఫ్రేములు చూస్తున్న ఇద్దరు మగవాళ్లు తలలు తిప్పారు.

అద్దాలమ్మకు ఒళ్లు మండింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"యజమాని గారూ, ఈవిడకు మతి సరిగ్గా ఉన్నట్టు లేదు. కాస్త బయటకు పంపండి."

యజమాని వచ్చి మోచెయ్యి పట్టుకుని నడిపించాడు.  మెట్లు దిగేముందు పెద్దావిడ ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"చూపించుకో తల్లీ" అంది. అంతే.

మర్నాడు స్నానాల గదిలో, ఏం పిచ్చో అని విసుక్కుంటూనే అద్దాలమ్మ మూడు వేళ్లు చేర్చింది.

కుడివైపు ఏమీ లేదు.

ఎడమవైపు, పైన, చంకకు దగ్గరగా వేళ్లు ఆగిపోయాయి.

బఠాణీ గింజంత. గట్టిగా. నొక్కితే కదల్లేదు. నొప్పీ లేదు.

భర్త తలుపు కొట్టి, "లోపలే కాపురం పెట్టావా ఏమిటి?" అన్నాక గానీ కుళాయి కట్టాలని తోచలేదు.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగు రోజుల్లో రెండు జతలకు కుడి అద్దం ఎడమకూ, ఎడమ అద్దం కుడికీ బిగించింది. ఐదో రోజు భర్తను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"చేతులు పైకెత్తండి" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు నడుం మీద పెట్టి గట్టిగా నొక్కండి."

ఎదురుగా గోడ అద్దంలో, గడ్డ ఉన్నచోట చర్మం సన్నగా సొట్టపడటం అద్దాలమ్మకు కూడా కనిపించింది.

డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది.

"మీ అమ్మగారికి గానీ, పిన్నులకు గానీ ఇలాంటిదేమైనా?"

"లేదండీ."

"నాన్నగారి వైపు?"

"నాన్న వైపు కూడా చూస్తారా?"

"అటునుంచి కూడా రావచ్చు. నాయనమ్మ, మేనత్తలు..."

"నాయనమ్మ నాన్న చిన్నప్పుడే జ్వరంతో పోయిందట. నాన్నకు తోబుట్టువులు లేరు."

డాక్టరమ్మ రాసుకుంది. మామోగ్రాం తీశారు. సూదితో కాస్త ముక్క తీసి పరీక్షకు పంపారు. 

వారం తర్వాత ఫలితం వచ్చింది. క్యాన్సరే.

"భయపడకండి. పెందలాడే పట్టుకున్నారు, చంకలోకి పాకినట్టు లేదు" అంది డాక్టరమ్మ. "ఇంకో ఏడాది ఆగి ఉంటే నేనీ మాట అనగలిగేదాన్ని కాదేమో. ఎవరు చెప్పారు మీకు, చూసుకోమని?"

"ఎవరో ఒకావిడ" అంది అద్దాలమ్మ. తల ఎత్తలేకపోయింది.

ఆపరేషన్ అయింది. రెండు నెలల తర్వాత కొట్లో అడుగుపెట్టిన రోజునే అద్దాలమ్మ కంటి పరీక్షల చీటీలన్నీ తిరగేసింది. పెద్దావిడ చిరునామా దొరికింది. రెండు వీధుల అవతలే.

వెళ్లేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మంచం లేదు, సామాను లేదు. ఒకామె నేల కడుగుతోంది. ఆ ఇంటి యజమానురాలు.

"ఆవిడా? పోయి ఇరవై రోజులైందమ్మా. ఇంతకీ నువ్వెవరు?"



"కళ్లజోళ్ల కొట్లో పనిచేస్తానండీ. నన్ను డాక్టరుకు చూపించుకోమన్నది ఆవిడే. బాగున్నానని చెబుదామని వచ్చాను. ముక్కూ మొహం తెలియని నాకోసం అంత చేస్తే, నేను పదిమందిలో బయటకు పంపించేశాను."

ఇంటావిడ చీపురు పక్కన పెట్టి, ఆమెను తేరిపార చూసింది.

"ముక్కూ మొహం తెలియకపోవడమేమిటి? మీ కొట్టుకు వెళ్లొచ్చిన ప్రతిసారీ నీ గురించే చెప్పేది. ఇంట్లో వాళ్లకు ఇష్టం లేని పెళ్లి చేసుకుందని నలభై ఏళ్ల కిందటే ఆవిడ తమ్ముడు తెగతెంపులు చేసుకున్నాడట. నీ కూతుర్ని డాక్టరుకు చూపించరా అని చెప్పడానికి వెళితే, ఆ వంకతో మళ్లీ ఇంట్లో దూరదామనుకుంటున్నావా అని గుమ్మంలోంచే పంపేశాడట. నా అక్కవని నా కూతురితో ఎప్పటికీ చెప్పనని ఒట్టు వెయ్యి అన్నాడట. వేసి వచ్చింది."

అద్దాలమ్మ ఆ ఖాళీ గదిలోకి చూసింది.

"ఆ ఒట్టు తప్పలేదు తల్లీ. నేనెవరో దానికి తెలియకపోయినా ఫరవాలేదు, చూపించుకుంటే చాలు అనేది మీ మేనత్త."