పదకొండు నెలల మాట

"అమ్మా" అనే ఒక్క మాటకు పదకొండు నెలలు పట్టింది.

ఉప్పలమ్మకు ఎనిమిదేళ్లు. పుట్టినప్పటి నుంచీ చెవులు వినిపించవు కాబట్టి మాటా రాలేదు. సావిత్రమ్మ టీచరు రోజూ ఆ పిల్ల అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని "అమ్మా" అనేది. గొంతులో పుట్టే అదురు పిల్ల చేతికి తెలియాలి. తర్వాత అదే చెయ్యి పిల్ల గొంతు మీద పెట్టి, ఇప్పుడు నువ్వు అనమని సైగ చేసేది. ఇలా అనీ అనీ ముందు టీచరు గొంతే పోయింది. మిరియాల కషాయంతో నెట్టుకొస్తోంది.

పాలమూరులోని ఆ చెవిటిపిల్లల బడికి ఇవాళ పండుగ. కొత్తగా రెండు గదులు కట్టారు. కిందటి నెలలోనే కరెంటు వచ్చింది. చెవులకు తగిలించుకుని వినే మిషను ఒకటి పట్నం నుంచి వచ్చింది. మిషనుకు కుంకుమబొట్లు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. సమితి ప్రెసిడెంటు గారు ఆ పిల్లలనుద్దేశించి ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. పిల్లలు హాయిగా రంగుకాగితాల తోరణాలు చూస్తూ కూర్చున్నారు.

సావిత్రమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమె చూపంతా గేటు మీదే ఉంది. వారం కింద కొత్తకోట నుంచి ఉప్పలమ్మ మేనమామ సిద్దిరాములు రాయించిన ఉత్తరం ఆమె కొంగుముడిలో ఉంది.

"పిల్ల తండ్రి పోయిండు. ఇంట్ల కండెలు చుట్టెటోళ్లు లేరు. గీ రెండేండ్లల్ల పిల్ల ఏం నేర్చిందో మా చెల్లె ఆండాళు పండుగనాడు వచ్చి చూస్తది. ఆమె మనసు ఒప్పితేనే పిల్ల ఆడ ఉంటది. లేకుంటే తోల్కపోతం."

కండెలు చుట్టడమంటే మగ్గానికి నూలు చుట్టి అందించే పని. ఒకసారి రాట్నం ముందు కూర్చున్న పిల్ల మళ్లీ బడి మొహం చూడదు. అలా ఇప్పటికి ముగ్గురు పోయారు. నాలుగోదాన్ని పోగొట్టుకునే ఓపిక సావిత్రమ్మకు లేదు.

పదకొండు గంటలకు అన్నాచెల్లెళ్లు వచ్చారు. ఆండాళు చంకలో ఖాళీ గుడ్డసంచి. అది బిడ్డ బట్టలు పెట్టుకుపోవడానికేనని చూడగానే తెలిసిపోయింది.

"ఓ అమ్మా, చెప్పులు బైటనే ఇడువు!" వెనక నుంచి బంట్రోతు గుర్వయ్య కేకేశాడు.

ఆండాళు తిరిగైనా చూడకుండా లోపలికి నడిచింది.

"అబ్బ, ఏం పొగరో!" అని గుర్వయ్య గొణుక్కున్నాడు.

సావిత్రమ్మ ఎదురెళ్లింది. "మంచిగున్నవా ఆండాళమ్మా? నీ బిడ్డ ఎంత హుషారో ఎర్కనా?"

ఆండాళు చేతులు జోడించింది. జవాబు సిద్దిరాములు చెప్పాడు.

"మా చెల్లె మాటల మనిషి గాదు టీచరమ్మా. పెండ్లిచూపులప్పుడు సుత రాట్నం కాడనే కూసోబెట్టినం. చెయ్యి పని చూసిన్రు, మెచ్చిన్రు, పోయిన్రు. మా బావ పోయేదాంక ఒక్కనాడు నోరు లేపింది లేదు."

రెండేళ్లలో మొదటిసారి వచ్చిన తల్లి బిడ్డ గురించి ఒక్క ముక్క అడగదా? సావిత్రమ్మకు ఒళ్లు మండింది. అయినా ఆండాళును ముందు వరసలోనే కూర్చోబెట్టింది.

ఉప్పలమ్మను వేదిక ఎక్కించారు. సావిత్రమ్మ పక్కన కూర్చుని, పిల్ల చేతిని ఒకసారి తన గొంతుకు ఆనించుకుని వదిలింది. ఉప్పలమ్మ కళ్లు మూసుకుంది. మెడనరాలు బిగిశాయి.

"అమ్‌... మా!"

బొంగురుగా, అరుపులా వచ్చింది. అయితేనేం, అది మాటే. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారు దస్తీతో కళ్లు ఒత్తుకున్నారు. గుర్వయ్య అయితే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆండాళు మాత్రం ఎలా కూర్చుందో అలాగే ఉంది. సంచి ఒళ్లో ఉంది. కంట్లో చుక్క నీరు లేదు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఆ బడిలో ఎవరూ ఆ సామెత అనరు. ఇవాళ మాత్రం అది సావిత్రమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. పదకొండు నెలల కష్టం వృథా అయిందనుకుంది. లోపలికి వెళ్లి పిల్ల బట్టలు తానే మడిచి తెచ్చింది.

"తీస్కపో తల్లీ. ఇగ నాతోని గాదు," అంటూ ఆండాళు సంచిలో పెట్టేసింది.

అంతలో ఉప్పలమ్మ వేదిక దిగి పరుగెత్తుకొచ్చింది. తల్లి చేతిని లాక్కుని, అరచెయ్యి విప్పి, తన గొంతు మీద గట్టిగా అదుముకుంది.

"అమ్మా!"

ఆండాళు నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. బిడ్డ మొహంలోకి చూసింది. మెల్లగా చెయ్యి మళ్లీ అక్కడే పెట్టింది.

"అమ్మా! అమ్మా!"

ఆండాళు మొహమంతా కన్నీళ్లే. కాసేపటికి సంచిలోని బట్టలు ఒక్కొక్కటే తీసి సావిత్రమ్మ చేతుల్లో పెట్టింది. గౌను, లంగా, జాకెట్టు, అన్నీ. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

సావిత్రమ్మకు ఏమీ అర్థం కాలేదు. "అందరు చప్పట్లు కొట్టినప్పుడు ఉలుకూ పలుకూ లేకపాయె. గిప్పుడేమైంది సిద్దిరాములూ?" అంది, పోయిన గొంతుతో.

సిద్దిరాములు చుట్టూ చూసి, తల వంచుకుని, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు: "ఎవ్వలకు చెప్పకుండ్రి టీచరమ్మా, పెండ్లినాడు దాచినం, గిప్పటిదాంక దాచుకుంటనే వచ్చినం, మా చెల్లెకు సుత పుట్టుచెవుడే."