పత్తికొట్లో ఎర్రకోతి

గోపాలకృష్ణయ్య పత్తికొట్లో దాచింది పత్తి కాదు. సముద్రం అవతలి అడవుల్లో తల్లిని కాల్చి చంపి పట్టుకొచ్చిన ఒరాంగుటాన్ పిల్ల. దొంగతనంగా ఓడలో మద్రాసు చేరి, ఉల్లిపాయల బస్తాల మధ్య లారీలో గురజాల దాటి ఈ ఊరొచ్చింది. బొంబాయి సేఠు మనిషి వచ్చి తీసుకుపోతే, అక్కడ మళ్ళీ ఓడెక్కి ఏ దేశంలోనో ఏ దొరగారి తోటలోనో తేలుతుంది.

ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పిల్లలు గోడెక్కి మరీ చూసి ఎర్రకోతి అని పేరు కూడా పెట్టారు. అయినా ఎవరూ నోరు మెదపరు. కొత్తగా మండలాలు వచ్చిన రోజులు. గోపాలకృష్ణయ్య రేపో మాపో మండలాధ్యక్షుడు కాబోతున్నాడు. అలాంటి మనిషితో ఎవరు పెట్టుకుంటారు?

కేసంటూ అయితే ఆ పదవి కాస్తా గోవిందా. అందుకే ఊళ్ళో కొత్త ముఖం కనిపిస్తే చాలు, ఆయన గుండెల్లో రాయి పడేది.

భార్య అలివేలమ్మకు మాత్రం పదవి గొడవ పట్టలేదు. పాలు పట్టేది ఆవిడే కావడంతో, ఆ పిల్ల పొద్దస్తమానం ఆవిడ చీర పట్టుకునే ఉండేది. "తల్లి కోసం బెంగెట్టుకుందండీ. దాని అడివికి దాన్ని పంపించెయ్యరాదా?" అని కొన్నాళ్ళు పోరింది. ఈమధ్య ఊరుకుంది. దారికొచ్చిందిలే అని గోపాలకృష్ణయ్య కూడా నిమ్మళించాడు.

ఆ వారమే ఊళ్ళోకి పగటివేషగాళ్ళు దిగారు. రోజుకో వేషం కట్టి ఇల్లిల్లూ తిరగడం, చివరి రోజున ఊరిచ్చింది పుచ్చుకుని పోవడం వాళ్ళ పని. ఒకరోజు ఎక్సైజు ఇన్‌స్పెక్టరు వేషంలో ఒకాయన వచ్చి గద్దించేసరికి, గోపాలకృష్ణయ్య లేచి కుర్చీ వేసి, మజ్జిగిచ్చి, అయ్యా అయ్యా అంటూ చేతులు నలుపుకున్నాడు. అరుగు కింద చేరిన జనం విరగబడి నవ్వారు. కాబోయే మండలాధ్యక్షుడికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున ఖాకీ బట్టల్లో ఒక మనిషి, ఇద్దరు జవాన్లను వెంటబెట్టుకుని నడిచి వచ్చాడు.

"మద్రాసు నుంచి వస్తున్నాం. వన్యమృగాల దొంగరవాణా మీద విచారణ. మీ దగ్గర ఒరాంగుటాన్ ఉందని తెలిసింది."

గోపాలకృష్ణయ్య గబుక్కున లేచాడు. ఇప్పుడే వస్తానని లోపలికి పరిగెత్తాడు.

"ఏమే, కొంప మునిగింది. దాన్ని వెనక దొడ్లోంచి దాటించెయ్."

అలివేలమ్మ కిటికీలోంచి తొంగి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఆ నడక చూడండి. నిన్నొచ్చినాయనే. పిల్లకాయలు చెప్పుంటారు కోతి సంగతి. మళ్ళీ నవ్వులపాలవుతారా ఏంది?"

పోయిన ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే పౌరుషమూ వచ్చింది. వేషాన్ని గుర్తుపట్టినా బయటపడకుండా, చివరిదాకా నడిపించి అప్పుడు శాలువా కప్పడం పెద్దింటి మర్యాద. నిన్న పోయిన పరువు ఇవాళ నిలబెట్టుకోవాలనుకున్నాడు. అరుగు మీదికొచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అప్పటికే జనం మూగారు.

"ఉందయ్యా. నేనే దాచా. చానా ఖరీదైన సరుకు."

"ఎవరు తెచ్చారు?"

ఎదుటివాడు అంత బాగా నటిస్తుంటే తను తగ్గుతాడా? ఓడ పేరు, లారీ నడిపినవాడి ఊరు, బొంబాయి సేఠు ఉండే వీధి, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. రాసుకుంటున్న జవానుతో "నిదానంగా రాసుకోరా అబ్బాయ్, తొందరేం లేదు" అని కూడా అన్నాడు. తనే లేచి కొట్టు తలుపు తీసి చూపించాడు. పత్తి మధ్య ముడుచుకుని పడుకున్న పిల్ల, అలివేలమ్మను చూడగానే రెండు చేతులూ చాచింది. ఆవిడ వెళ్ళి ఎత్తుకుంది.

"ఇది నేరమని మీకు తెలుసా?" అన్నాడు అధికారి.

"తెలవకేం. తెలిసే చేశా. ఇంద, బేడీలు కూడా వేసుకో, ముచ్చట తీరుద్ది" అని చేతులు ముందుకు చాపాడు గోపాలకృష్ణయ్య.

బేడీలు పడ్డాయి. జనంలో ఒక్కరూ నవ్వలేదు. ఈ తెలివితక్కువ దద్దమ్మలకు ఇంకా అర్థం కాలేదని ఆయనకు జాలేసింది. సరే, ఇక ఆట చాలనుకున్నాడు.

"శభాష్. నిన్నటికంటే ఇవాళ్టిది బ్రహ్మాండం. ఏమే, లోపల్నించి శాలువా పట్రా" అని కేకేసి, బేడీల చేతులతోనే అధికారి మీసం పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

మీసం ఊడి రాలేదు. అధికారి కళ్ళల్లో మాత్రం గిర్రున నీళ్ళు తిరిగాయి.

గోపాలకృష్ణయ్య నోరు తెరిచి భార్య వైపు తిరిగాడు. అలివేలమ్మ శాలువా తేనే తెచ్చింది. దాన్ని ఎర్రకోతి ఒంటికి చుట్టి, తన చీర పట్టుకున్న ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటే విడిపించి, పిల్లను జాగ్రత్తగా అధికారి చేతుల్లో పెట్టింది.

"కబురంపి ఎన్నాళ్ళయింది నాయనా, ఇప్పుడా వచ్చేది?"