రాతి మీద ఖాళీ

"ఆ ఉలి కింద పెట్టవయ్యా. అది నువ్వు చెక్కాల్సిన చోటు కాదు," అంది మంచం మీంచి భార్య.

పెద్దాయన వినిపించుకోలేదు. నలభై ఏళ్లుగా ఊళ్లోవాళ్లకి సమాధిరాళ్లు చెక్కిన చెయ్యి అది. తామిద్దరికీ కలిపి ఒకే రాయి ముందే సిద్ధం చేసి వసారాలో పెట్టుకున్నాడు. ఇద్దరి పేర్లూ, పుట్టిన తేదీలూ ఉన్నాయి. పోయే తేదీలకి మాత్రం చెరో ఖాళీ. ఇప్పుడు ఆమె ఖాళీలో, ఇరవై ఏళ్ల తర్వాతి తేదీ ఒకటి చూసి దిట్టంగా చెక్కుతున్నాడు.

"డాక్టరు నాలుగు రోజులన్నాడుగా."

"డాక్టరుకేం తెలుసే? నేను చెక్కిన తేదీ ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు."

"పోయాక చెక్కితే ఎందుకు తప్పుతుందయ్యా?" నవ్వబోయి దగ్గిందామె. "రోజూ ప్రార్థనలో నీ చిత్తం, నీ చిత్తం అంటావు. తీరా ఆయన చిత్తం మన గుమ్మం తొక్కేసరికి ఉలి పట్టుకు కూర్చున్నావు."

"మిగతావన్నీ ఆయనిష్టమే. ఇదొక్కటీ నాది."

నమ్మితే నమ్మండి, మర్నాడు పొద్దున చూస్తే రాతి మీద తేదీ లేదు. పూడ్చిందీ కాదు, అరగదీసిందీ కాదు. అసలు ఉలి ఎరగనట్టు నున్నగా ఉంది. భార్య పనేమో అనుకుందామంటే, ఆమె పక్కకి ఒత్తిగిలాలన్నా తనే చెయ్యి వెయ్యాలి. మళ్లీ చెక్కాడు, ఇంకా లోతుగా. మర్నాడు మళ్లీ నునుపే. మూడోసారి చెక్కుతుంటే, వెనక ఎవరో నిలబడి పని చూస్తున్నట్టు వీపు జలదరించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

నాలుగో రోజూ రాయి నున్నగానే ఉంది. లోపల ఆమె ఎగశ్వాస వినిపిస్తోంది. సుత్తి ఎత్తబోయాడు. చెయ్యి లేవలేదు.

మంచం పక్కన మోకాళ్లూనాడు. "ప్రభువా, ఇన్నాళ్లూ నోటితో అన్నాను. ఇప్పుడు మనసారా అంటున్నాను. అది నీ జాగా. నీకెలా తోస్తే అలా రాసుకో. నేను అడ్డురాను."

ఎంతసేపు ఏడ్చాడో తెలీదు. తలెత్తేసరికి మంచం ఖాళీ. అంతలో వంటింట్లోంచి గిన్నెల చప్పుడు.

"నాలుగు రోజులుగా పొయ్యి ముట్టించావా అసలు?" ఆమె గొంతే, కంచులా ఉంది. "మొహం కడుక్కుని రా. టీ పెడుతున్నా."

"వస్తున్నానే," అన్నాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వసారాలోకొచ్చి రాతి కేసి చూశాడు. ఆమె ఖాళీ ఖాళీగానే ఉంది.

పక్కనున్న తన ఖాళీలోంచి మాత్రం రాతిపొడి ఇంకా రాలుతోంది. అలవాటు చొప్పున తప్పు వెతికాడు. అంకెల్లో వంకర లేదు, లోతులో తేడా లేదు. తేదీ ఇవాళ్టిదే.