ఒక పూట పర్మిషన్

చెల్లెలు ఆస్పత్రి నుంచి మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి, ఆమె కుట్టుమిషను ముందు కొత్తమ్మాయి కూర్చుని కాలర్లు కుడుతోంది.

బట్టల ఫ్యాక్టరీలో ఆ షెడ్డుకు సూపర్‌వైజరు ఆమె సొంత అక్కే. పైన తోబుట్టువు ఉంటే కొండంత అండ అంటుంది లోకం. ఆ కొండ ఎవరి మీద విరిగిపడిందో లోకం చూడదు.

"కడుపుతో ఉన్నవాళ్ళు పనికి వద్దన్నారు మేనేజరుగారు," అంది అక్క, తలెత్తకుండా.

"ఆయనకెవరు చెప్పారక్కా? ఇంకా రెండో నెల. మా ఆయన తర్వాత నీకొక్కదానికే చెప్పాను. నెలలు పెరిగేదాకా ఆగకు, ఇప్పుడే రక్తపరీక్ష చేయించుకో అని పర్మిషన్ ఇచ్చి పంపింది నువ్వే!"

"అది నీ మంచికే చెప్పాను."

"నా మంచి బాగానే చూశావు! రక్తం తక్కువని మాత్రలిచ్చారు. మాత్రలు మింగుతాను సరే, అన్నం నువ్వు పెడతావా?"

అక్క గొంతు తగ్గించింది. "పొద్దున్నే బాత్రూములో ఎవరో వాంతులు చేసుకుంటున్నారని ఆయన చెవిన పడింది. ఆ మనిషెవరో చెప్పకపోతే ఆడవాళ్ళందరికీ పరీక్ష చేయిస్తానన్నాడు. నీ పేరు చెప్పాను."

చెల్లెలు తెల్లబోయింది. "నాకు ఇంతవరకు ఒక్క వాంతి కూడా కాలేదే!"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూములోకి పరిగెత్తి తలుపేసుకుంది. కొళాయి పూర్తిగా తిప్పినా లోపలి చప్పుడు బయటికి వినిపిస్తూనే ఉంది.

చెల్లెలు తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"మరి నువ్వెప్పుడు చూపించుకుంటావక్కా?"