ఒక్క రోజు గడువు

ఆమెను అందరూ వసపిట్ట అనేవాళ్లు. రెడీమేడ్ బట్టల కార్ఖానాలో బొత్తాలు కుట్టే పని ఆమెది. బస్సులో జరిగిన తగాదా దగ్గర్నుంచి పొరుగింటి పిల్లి ఈనిన సంగతి దాకా అన్నీ పక్కవాళ్లకు చెప్పాల్సిందే. మాటల్లో పడితే సూది ఆగిపోయేది. సూపర్‌వైజరు విసిగిపోయి ఆమె కుర్చీని గోడవైపు తిప్పించాడు. అయినా వెనక్కి తిరిగి మరీ చెప్పేది.

ఇంట్లోనూ అంతే. కరెంటు పోతే తప్ప తనకు తెరిపి లేదని భర్త నవ్వేవాడు.

కిందటేడు చలికాలంలో వేళ్ల కణుపుల్లో నొప్పి మొదలైంది. పొద్దున లేవగానే గుప్పిట పట్టు చిక్కేది కాదు. వేళ్లు స్వాధీనంలోకి రావడానికి గంట పట్టేది. చన్నీళ్లలో గిన్నెలు తోమడం వల్లేనని పొరుగింటామె తేల్చింది. బంగాళాదుంపలు మానెయ్యమని ఇంకొకామె చెప్పింది. సూదిపనికి ఇది మామూలేనన్నాడు సూపర్‌వైజరు. ఆమె అందరి మాటా విన్నది. నూనె రాసుకుంది, దుంపలు మానేసింది. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. కణుపులు ఉబ్బి ఎర్రబడ్డాయి. చూపుడువేళ్లు పక్కకు వాలసాగాయి. క్రమంగా ఆమెకు మాటలు తగ్గాయి. అది చూసి కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ ఒక్కో కణుపూ నొక్కి చూసింది. అడిగినవాటికి కూతురే జవాబు చెప్పింది. రక్తపరీక్షల కాగితాలు వచ్చాక డాక్టరమ్మ అంతా విడమరిచింది. కీళ్లు దెబ్బ తగిలినా వాస్తాయి, అరిగినా వాస్తాయి. లోపల క్రిములు చేరినా, రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగినా వాస్తాయి. ఈమెది అవేవీ కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి సొంత కీళ్ల మీద పడింది. దుంపల తప్పేమీ లేదు.

"ఇంత ఆలస్యం ఎందుకు చేశారమ్మా?"



మందులు పనిచెయ్యడానికి రెండు నెలలు పడుతుందట. ఈలోగా వాపు తగ్గాలంటే వేళ్లకు విశ్రాంతి కావాలి. అవి కదలకుండా రెండు చేతులకూ గట్టి పట్టీలు కట్టాలి. రోజుకు రెండుసార్లు విప్పి, గోరువెచ్చని నీళ్లలో మెల్లగా ఆడించి, మళ్లీ కట్టెయ్యాలి. ఇలా మూడు వారాలు.

"తర్వాత ఇదివరకులా ఆడతాయా?" కూతురు అడిగింది.

"వంగిపోయినవి మళ్లీ తిన్నగా వస్తాయని మాటివ్వలేను. ఇప్పుడు కట్టకపోతే మాత్రం మిగిలినవి కూడా పోతాయి."

కార్ఖానా పని మానెయ్యాలన్నప్పుడు ఆమె కంట తడి లేదు. పట్టీలు చూసేసరికి ఏడ్చేసింది. ఒక్క రోజు ఆగమని కూతుర్ని బతిమాలింది.

మర్నాడు నొప్పి మాత్ర వేసుకుని పొద్దున్నే చెల్లెలి ఇంటికి వెళ్లింది. అమ్మ గాజుల దగ్గర తగువొచ్చి రెండేళ్లుగా అక్కాచెల్లెళ్లు ఎడమొహం పెడమొహం. తప్పంతా తనదేనంది. చెల్లెలు కాఫీ ఇచ్చింది. చిన్నప్పటి సంగతులన్నీ తవ్వుకుని, నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర భర్తతో ఏనాటిదో పోట్లాట కావాలని మళ్లీ పెట్టుకుంది. ఎప్పుడూ ఎదురుచెప్పే మనిషి ఆవేళ తప్పు నాదే అన్నాడు. అలా ఒప్పేసుకుంటే ఇక పోట్లాడి ఏం లాభమని ఆమె విసుక్కుంది. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

సాయంత్రం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు పుట్టినప్పుడు నీతో మొదట ఏమన్నానో తెలుసా?"

"ఏమన్నావమ్మా?"

"గట్టిగా ఏడువు తల్లీ, నీ ఇష్టమొచ్చినంతసేపు ఏడువు, అన్నాను. నర్సు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది."

కూతురు నవ్వబోయి ఆగిపోయింది. తల్లి వేళ్లు నిప్పుల్లా కాలుతున్నాయి. కణుపుల మీద చర్మం బిగిసి మెరుస్తోంది.

"ఇక చాలమ్మా," అని పట్టీలు తెచ్చింది.

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. కూతురు ఆ చేతిని మెల్లగా తన ఒళ్లోకి తీసుకుంది. తండ్రి కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు.

రెండో చేతి పట్టీ కూడా బిగించగానే, పుట్టుమూగ అయిన ఆ తల్లికి మొదటిసారి మాట పడిపోయింది.