కట్టకు బొక్క

వానలకు నిండిన కుంట వారానికే అడుగంటింది. కట్టకు బొక్క పడిందేమోనని కొమురెల్లి, అతని భార్య చిలుకమ్మ పొద్దుటి నుంచీ ఎండ్రకాయల బొక్కలు వెతికి బురదతో పూడుస్తున్నారు. ‘ఊరికి నీళ్లొస్తాయి’ అంటే ఉన్న ఒక్క చేనూ ఈ కుంటకే ఇచ్చారు మరి.

కింది పొలం పటేల్ మేకపోతుతో కట్ట మీదికొచ్చాడు.

“కట్టమైసమ్మకు మొక్కుంటి కొమురెల్లీ. నా బాయి నిండింది, మోటరు ఆగుతలేదు.”

“కుంట ఎండె గద పటేలా?”

“ఎండలేదు, ఇంకింది. కింది బాయిలల్ల నీళ్లు ఊరాలెననే గద సర్కారోళ్లు కట్టిచ్చింది!”

కింద ఉన్నది పటేల్ బావి ఒక్కటే. ఊరంటే అదే కాబోలు.

కొమురెల్లి చేతిలోని బురద జారిపోయింది.

“బొక్క దొరికిందా?” అవతలి నుంచి చిలుకమ్మ కేకేసింది.

“దొరికిందే. మూసెటట్టు లేదు, దానికి మోటరు పెట్టిండ్రు.”