చెయ్యెత్తితే ఆగే బండి

ఎగిరే బండ్లు వాకిట్లోకే రావడం మొదలయ్యాక, గుమ్మడివలస రైలు పట్టాలు పీకేశారు. ఇన్నేళ్లకు ఆ లైను ఊళ్లవాళ్లం ఊరికో బల్ల మీద ఎవరి స్టేషన్ బొమ్మ వాళ్లం కట్టి, ఆదివారం బల్లలన్నీ కలిపి బుల్లి రైలు నడపాలనుకున్నాం.

ఇంట్లో యంత్రం ఏ వస్తువు అడిగినా చేసిస్తుంది. కానీ మా ఊరి చిన్న స్టేషన్, అదే హాల్టు, ఫోటో దానికెక్కడా దొరకలేదు. తొంభై ఏళ్ల మా అత్త ఝాన్సీ చెబుతుంటే మా ఆయన ధీరజ్, నేను మట్టితో, వెదురుతో చేత్తోనే కట్టాం.

"చింతచెట్టు ఇటు కాదే కోడలా, అటు!" అని పాతిన చెట్టు పీకించేది అత్త.

ఆదివారం పొద్దున్నే రైలు కదిలింది. పక్క బల్లతో మా బల్ల కలిసే అతుకు దగ్గర పట్టాలు తప్పుతుందేమో అనుకున్నా. కుదుపైనా లేకుండా దాటేసింది! పిల్లలు కేకలు పెట్టారు. కానీ బండి మా హాల్టులో ఆగేలా లేదు.

అత్త కుర్చీలోంచి లేచి చెయ్యెత్తింది.

"ఆపమ్మా లాస్యా! చెయ్యెత్తితే ఆగే బండి ఇది!"

బండి నడుపుతున్న పక్కూరి లాస్య గబుక్కున మీట లాగింది. రైలు ఆగింది. పిల్లలు నోళ్లు తెరిచారు. ఎవరైనా చెయ్యెత్తితే ఎగిరే బండి ఆగడం వాళ్లెన్నడూ చూడలేదు.

ఆ తర్వాత ప్రతి బల్ల దగ్గరా చేతులు లేచాయి. చివరి స్టేషన్ చేరేసరికి సాయంత్రమైంది.